పళ్ళ మేస్త్రీ, జడ్జిగారూ

మనిషి నోరు తెరిస్తే చాలు, వాడెంతటివాడో చెప్పేస్తానని పళ్ళ మేస్త్రికి గట్టి నమ్మకం. మాటలు విని కాదు, చిగుళ్ళు చూసి. ముప్ఫై రెండేళ్ళుగా ఆయన కట్టుడుపళ్ళు చేస్తున్నాడు. పళ్ళ డాక్టరమ్మ ఆస్పత్రి వెనకవైపు రెండు మెట్లు దిగితే ఆయన గది. బల్ల మీద స్పిరిటు దీపం, గులాబీరంగు మైనం రేకులు, చిన్న చిన్న కత్తులు, పక్కన ప్లాస్టరు డబ్బా. గోడ పొడవునా చెక్క అరల్లో ఊరివాళ్ళ దవడలు తెల్లటి అచ్చులై, ఒక్కోదాని కింద ఒక్కో నెంబరుతో వరసగా కూర్చునుండేవి. చిన్నప్పుడు ఆయనకు బొమ్మలు చెక్కాలని ఉండేది. డాక్టరమ్మ తండ్రి పిలిచి, బొమ్మ కన్నా పన్ను చెక్కడం కష్టమని చెప్పి, ఈ బల్ల ముందు కూర్చోబెట్టాడు. ఆ కూర్చోవడమే కూర్చోవడం.

ఊళ్ళో పేరున్న నవ్వులు చాలావరకు ఆ గదిలో పుట్టినవే. అందుకే వాటి మీద ఆయనకు చిల్లిగవ్వంత గౌరవం లేదు. మైకు దొరికితే వదలని పెద్దమనిషికి ఏ అక్షరం దగ్గర పైసెట్టు జారుతుందో ఆయనకు తెలుసు. వీధి మొత్తాన్నీ గడగడలాడించే బట్టలకొట్టు యజమానురాలు మొదటిసారి సెట్టు పెట్టుకున్నప్పుడు అద్దం ముందు వెక్కివెక్కి ఏడ్చిన సంగతీ తెలుసు. వచ్చినవాళ్ళందరూ అడిగేది మాత్రం ఒకటే. "ముత్యాల్లా ఉండాలి మేస్త్రీ. తెల్లగా, ఒకే వరసలో." డెబ్భై ఏళ్ళ మొహంలో పదహారేళ్ళ పళ్ళు. ఆయన మారుమాట లేకుండా చేసిచ్చేవాడు. ఇంటికి వెళ్ళాక మాత్రం, "గుమ్మానికి సున్నం కొట్టించి ఇల్లంతా కొత్తదనుకుంటాడు వెధవ" అనేవాడు.

"మీ కంటికి ఎవరూ ఆనరు" అనేది భార్య.

నిజమే. ఆనని వాళ్ళలో అందరికన్నా ముందున్నవాడు ఆవిడ తమ్ముడు.

ఆ బావమరిదికి బజారు మలుపులో ఫోటో స్టూడియో ఉంది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియోకి ఈగలు తప్ప ఎవరూ రావడం మానేశారు. ఫోన్ల కవర్లు అమ్మాడు, కప్పుల మీద బొమ్మలు అచ్చువేశాడు, ఏదీ అచ్చిరాలేదు. ఆ రోజుల్లోనే ఒక గోధుమరంగు వీధికుక్క వచ్చి స్టూడియో గుమ్మంలో చేరింది. రాతిమెట్టు మీద చెంప ఆనించుకుని రోజంతా పడుకునేది. దాన్ని తరిమే ఓపిక కూడా లేక బావమరిది ఊరుకున్నాడు.

ఒకరోజు సిమెంటుకొట్టు ఆయన పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కుక్క లేచి మెల్లగా వెళ్ళి ఆయన పాదం మీద దవడ ఆనించి కళ్ళు మూసుకుంది. నాలుగో రోజున ఆయన కొట్లోనే కుప్పకూలిపోయాడు. నెల తిరక్కుండా బస్సు కండక్టరు పాదం మీద అలాగే తలపెట్టింది. అతను హడలిపోయి పరీక్షలు చేయించుకుంటే కడుపులో పుండు బయటపడింది. అంతే. ఊరికి అంతకు మించి సాక్ష్యం అక్కర్లేకపోయింది. మనిషిలో దాగిన రోగం ఆ కుక్కకు తెలుస్తుందన్నారు. తలపెట్టిందంటే తీర్పు వచ్చేసినట్టేనన్నారు. జడ్జిగారు అని పేరు కూడా పెట్టేశారు.

బావమరిదికి తెలివి లేకపోవచ్చు గాని తెలివితక్కువతనం లేదు. గోడకు నల్లగుడ్డ కట్టి, దాని ముందు ఎనిమిది కుర్చీలు వేశాడు. వచ్చినవాళ్ళు చెప్పులు బయట విడిచి, కిక్కురుమనకుండా కుర్చీల్లో కూర్చోవాలి. జడ్జిగారు వరసలో ఒక్కొక్కరి కాళ్ళ దగ్గరికీ వెళ్ళి వాసన చూసేది. మిల్లు గుమాస్తాలు, స్కూలు హెడ్మాస్టరు, చివరికి మందులషాపు ఆయన కూడా కాళ్ళు చాపి, ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవారు. దాటిపోతే బతికిపోయినట్టు. ఆ సంతోషంలో కుక్కతో ఫోటో దిగి, ఫ్రేము కట్టించుకుని పోయేవారు. మేస్త్రి భార్య కూడా దిగింది. ఆ ఫోటో వాళ్ళింట్లో ముందుగదిలో, గడియారం పక్కన వేలాడేది.

"పాలడిపో ఆవిడ పాదం మీద తలపెట్టి ఏడాది దాటింది. గుండ్రాయిలా తిరుగుతోంది" అన్నాడొకసారి మేస్త్రి, భోజనం దగ్గర.

"జాగ్రత్తపడింది కాబట్టి తిరుగుతోంది."

"మరి తలపెట్టకుండా దాటిపోయిన గడియారాల ఆయన పోయాడేం?"

"ఆయన మేజోళ్ళు విప్పలేదట. తమ్ముడు చెప్పాడు."

"పోతే కుక్క గొప్ప, పోకపోతే జాగ్రత్త గొప్ప. మీవాడిది ఏ ఎండకా గొడుగు."

"మీకేం నష్టమండీ? వాడేదో నిలదొక్కుకుంటున్నాడు. చూసి ఓర్చుకోండి."

ఓర్చుకోవడం అంటే మేస్త్రి లెక్కలో చూడకపోవడం. ఆ రోజు నుంచి బజారుకు వెళ్ళేటప్పుడు స్టూడియో వైపు తల తిప్పేవాడు కాదు. ముందుగదిలో ఫోటో వైపు కూడా చూసేవాడు కాదు.

ఇలా ఉండగా, రిటైరయిన లెక్కల టీచరమ్మ ఒకావిడ పళ్ళ సెట్టు కోసం వచ్చింది. అసలు సెట్టు తయారుచేసే ముందు పళ్ళను మైనంలో నిలబెట్టి, ఆ నమూనా నోట్లో పెట్టి చూస్తారు. ఆ పరీక్షకి మేస్త్రి కూడా పైకి వెళ్ళి పక్కన నిలబడేవాడు. టీచరమ్మ అద్దంలో మొహం అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మేస్త్రిగారూ, ఇది నేను కాదు."

"అందరూ ఇలాగే కావాలంటారమ్మా."

"అందరి సంగతి నాకెందుకు? నాకు పైవరసలో ముందుపన్ను పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉండేది. దాన్ని చూసే క్లాసులో పిల్లలు నాకు పేరు పెట్టారు. అది అలాగే ఉండనివ్వండి. అంత తెలుపు కూడా వద్దు. నలభై ఏళ్ళు టీ తాగిన నోరిది."

మేస్త్రి ఆవిడ వంక కొత్తగా చూశాడు. ముప్ఫై రెండేళ్ళలో తన వంకర తనకి కావాలని అడిగిన మనిషి ఆవిడొక్కతే. కిందికి వెళ్ళి, వేరే పనులన్నీ పక్కన పడేసి, ఆ సెట్టు పట్టుకుని కూర్చున్నాడు. ముందుపన్నును వెంట్రుకవాసి తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. ఆవిడ పెళ్ళినాటి ఫోటో అడిగి తెప్పించుకుని, భూతద్దం పెట్టి చూసి, మూడోసారి తిప్పాడు. రంగులో ఒక పిసరు పసుపు కలిపాడు. చిగుళ్ళ దగ్గర వయసు తెలిసేలా, అవి కాస్త తగ్గినట్టు చెక్కాడు. సానపట్టి నీళ్ళ డబ్బాలో వేసినప్పుడు, ఇది పని అంటే, అనుకున్నాడు. అలా అనుకుని ఎన్నేళ్ళయిందో.

టీచరమ్మ మంగళవారం రావాలి. రాలేదు. పై మంగళవారమూ రాలేదు. మూడో వారం డాక్టరమ్మ మెట్ల మీద నుంచే చెప్పింది. "ఫోన్ చేశాను మేస్త్రీ. ఇంక అవసరం లేదంటోంది. జడ్జి తలపెట్టిందట."

మేస్త్రి చేతిలో కత్తి బల్ల మీద పెట్టేశాడు. నీళ్ళ డబ్బా మూత బిగించి, సంచిలో వేసుకుని, మధ్యాహ్నం ఎండలో ఆవిడ ఇంటికి బయల్దేరాడు.

అది మేడమీది రెండు గదుల వాటా. ముందుగదిలో గోడలు బోసిగా ఉన్నాయి. పుస్తకాలన్నీ తాడుతో కట్టలు కట్టి ఉన్నాయి. ప్రతి కట్ట మీదా ఎవరికివ్వాలో రాసిన చీటీ. బల్ల మీద పాలలో నానబెట్టిన రొట్టెముక్క సగం తిని వదిలేసి ఉంది. టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది.

"పెన్షను ఆఫీసుకి ఏటా బతికే ఉన్నానని ఫోటో ఇవ్వాలి కదండీ. దానికోసం వెళ్ళాను. కుర్చీలో కూర్చోగానే వచ్చి పెట్టేసింది."

"పరీక్షలు చేయించుకున్నారా?"

"చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు. వాళ్ళకి కనపడనిది దానికి కనపడిందేమో."

"లెక్కలు చెప్పినవారు మీరు. ఇప్పటికి ఎంతమంది మీద తలపెట్టింది, అందులో ఎంతమంది పోయారు, మీరే వేసి చూడండి."

"వేశాను" అంది ఆవిడ. "బోర్డు మీదైతే మీకన్నా ముందు నేనే తప్పని కొట్టేసేదాన్ని. కాని పాదం మీద ఆ బరువు ఉంది చూశారూ, అది లెక్కకి లొంగడం లేదు."

మేస్త్రి డబ్బా మూత తీసి చూపించాడు. ఆవిడ చూసింది. ముందుపన్ను దగ్గర చూపు ఒక్క క్షణం ఆగింది. తర్వాత మొహం తిప్పుకుంది.

"చాలా బాగుంది. ఇంకెన్నాళ్ళు నమలాలని చెప్పండి. ఎవరికైనా సరిపోతే ఇచ్చేయండి."

ఆ మాట మేస్త్రికి చెంపదెబ్బలా తగిలింది. పళ్ళ సెట్టంటే గొడుగా, ఒకళ్ళది ఒకళ్ళు పట్టుకుపోవడానికి? జాలి అనేది ఆయనకు తర్వాతెప్పుడో కలిగింది గాని, మెట్లు దిగుతున్నప్పుడు ఉన్నది ఒంటినిండా కోపమే. ఊళ్ళో ఒకే ఒక్క బుర్ర ఉందనుకుంటే, ఆ బుర్రను కూడా వీధికుక్క కాళ్ళ దగ్గర పెట్టేసింది. కోపం కాళ్ళను తిన్నగా స్టూడియోకి నడిపించింది.

స్టూడియో ముందు నీళ్ళ పైపు పగిలి నెల అయింది. బాగుచేసే నాథుడు లేడు. వచ్చేవాళ్ళందరూ ఆ మడుగులోంచే రావాలి. మేస్త్రి కూడా చీలమండల దాకా తడుపుకుని, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.

"రా బావా, ఇన్నాళ్ళకి" అన్నాడు బావమరిది, మొహం చాటంత చేసుకుని. "అందరూ జరగండి, మా బావగారు."

మేస్త్రి చివరి కుర్చీలో కూర్చున్నాడు. కుక్క వరసలో అప్పుడే బయల్దేరింది. ఆయన మొదటిసారి దాన్ని నిదానంగా చూశాడు. ఇద్దరు ముగ్గురిని వాసన చూసి వదిలేసింది. దీపం స్టాండు ఇనపకాలు దగ్గర ఆగి దానికి ఎడమ చెంప ఆనించింది. గోడ వారగా ఉన్న నీళ్ళ బిందెకి ఆనించింది. స్టాండుకి రోగమా, బిందెకి రోగమా అని ఒక్కరూ అడగలేదు. అవి పాదాలు కావు కాబట్టి ఎవరూ చూడనైనా చూడలేదు. ఆ తర్వాత అది తిన్నగా మేస్త్రి దగ్గరికి వచ్చి, ఆయన కుడిపాదం మీద తల పెట్టి కళ్ళు మూసుకుంది.

పక్క కుర్చీ ఆయన కుర్చీతో సహా దూరంగా జరిగాడు. బావమరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. "అక్కకి నేనేం చెప్పను" అని గొణిగాడు.

మేస్త్రికి ఒక్క క్షణం గుండె జారింది. ఒకే ఒక్క క్షణం. ఆ క్షణానికి ఆయన తన్ను తాను ఎప్పటికీ క్షమించుకోలేదు. మరుక్షణం పాదానికి వేడి తెలిసింది. మామూలు ఒంటి వేడి కాదు, మరిగే నీళ్ళలోంచి అప్పుడే తీసిన అచ్చు వేడి. దాని వెనకే వాసన వచ్చింది. ఆ వాసన ఆయనకు ముప్ఫై రెండేళ్ళ పరిచయం. వంగి, కుక్క దవడ కింద చెయ్యివేసి, పైపెదవి ఎత్తి చూశాడు. వెనకపన్ను నల్లగా చీలిపోయి ఉంది. చుట్టూ చీము. ఎడమ కంటి కింద వాపు ఉసిరికాయంత. కుక్క సన్నగా మూలిగింది. కరవలేదు.

"రెండేళ్ళుగా దీని నోరు ఎవరైనా చూశారా?" అన్నాడు.

ఒక ముసలాయన, "జడ్జిగారి నోట్లో చెయ్యిపెట్టడమేమిటి, తప్పు కదూ" అన్నాడు.

"తీర్పూ లేదు, తలకాయా లేదు. పిప్పిపన్ను. కాలిపోతున్న చెంపకి ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ ఆనిస్తోంది. ముసలికాళ్ళు చల్లగా ఉంటాయి, నెత్తురు సరిగ్గా ఆడని కాళ్ళు చల్లగా ఉంటాయి, మీ గుమ్మంలో మడుగు తొక్కి వచ్చిన కాళ్ళు చల్లగా ఉంటాయి. దానికి తెలిసిన వైద్యం అంతే."

వాళ్ళ మొహాలు చూస్తే గోడకి చెప్పినా బాగుండేదనిపించింది. అయితే ఆ రోజు ఆయనకు అందరికన్నా రోత పుట్టించింది ఆ ముసలాయన కాదు, బావమరిదీ కాదు. ఆ కుక్క ఫోటో ఆయన సొంత ఇంట్లో, రోజూ కూర్చునే కుర్చీకి ఎదురుగా వేలాడుతోంది. కంటి కింద వాపు అందులో స్పష్టంగా ఉండే ఉంటుంది. ఊరంతటికీ కళ్ళు లేవని తిట్టిన మనిషి, తన విద్య తన గోడ మీదే వేలాడుతుంటే, చీదరించుకుని చూడటం మానేశాడు.

కుక్కను రెండు చేతులా ఎత్తుకుని లేచాడు. పశువుల ఆస్పత్రి రెండు వీధుల అవతల. బావమరిది అడ్డం వచ్చాడు.

"నీకు దణ్ణం పెడతాను బావా, వద్దు. అది పీకేస్తే…"

"పీకేస్తే?"

బావమరిది నేలచూపులు చూశాడు. "అది ఒక పక్కే నమిలేది బావా. నేను చూశాను. కాని నాకేం తెలుసు, నేను ఫోటోలు తీసుకునేవాణ్ణి."

"నీకు చాలా తెలుసురా" అని మేస్త్రి నడక సాగించాడు.

పశువుల డాక్టరు మత్తు ఇచ్చి, ఆ పన్ను మూడు ముక్కలుగా తీశాడు. చీము కడిగి, మందు వేశాడు. "ఇది నిన్నా మొన్నటిది కాదు. రెండేళ్ళయినా ఉంటుంది. ఎలా భరించిందో" అన్నాడు. మేస్త్రి ఆ మూడు ముక్కల్నీ దూదిలో చుట్టి, తన చేత్తోనే చెత్తడబ్బాలో వేశాడు.

పదిరోజుల్లో కుక్క మరో కుక్క అయిపోయింది. సైకిళ్ళ వెంట పడి మొరిగింది. కుర్చీకాళ్ళు కొరికింది. హెడ్మాస్టరు గారి చెప్పు ఎత్తుకుపోయింది. ఎవరి పాదాన్నీ పట్టించుకోలేదు. ఒక మూగజీవి బాధ తీరిందని ఊళ్ళో ఒక్కరూ అనలేదు. జడ్జిగారి శక్తిని మేస్త్రి పీకేశాడన్నారు. బావమరిది మీద అసూయతో చేశాడన్నారు. భార్య రెండు వారాలు మాట్లాడలేదు. మూడో వారం మాట్లాడిన మొదటిమాట, "మా తమ్ముడి నోటి దగ్గర కూడు లాగేశారు" అని.

మేస్త్రి అవేమీ చెవిని పెట్టలేదు. డబ్బా పట్టుకుని మళ్ళీ టీచరమ్మ మేడ ఎక్కాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"ఆ రోజు నా కాళ్ళు కూడా తడిసి ఉన్నాయి" అంది ఆవిడ. "తుడుచుకోవడానికి గుడ్డ కూడా అడిగాను." అని నవ్వడం మొదలుపెట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. "ముప్ఫై ఎనిమిదేళ్ళు పిల్లల్ని బెంచీ ఎక్కించాను మేస్త్రిగారూ. ఎవరికీ చెప్పకండి."

సెట్టు నీళ్ళలోంచి తీసి పెట్టుకుంది. అద్దం దగ్గరికి వెళ్ళింది. ముందుపన్ను పక్కదాని మీదికి కొంచెం ఎక్కి, పొగరుగా, సరిగ్గా పెళ్ళినాటి ఫోటోలోలాగే ఉంది.

"నేనే" అంది.

ఆ సాయంత్రం మేస్త్రి ఇంటికి నడుస్తూ, మనుషుల మీద తన అభిప్రాయాన్ని కాస్త సడలిద్దామా అని ఆలోచించాడు. ఆ ఆలోచన సుమారు రెండు నెలలు నిలిచింది.

రెండు నెలలకి భార్య మొహం వెలిగించుకుని వచ్చింది. "తమ్ముడు మిమ్మల్ని రమ్మంటున్నాడు. జరిగిందేదో జరిగింది, మనసులో పెట్టుకోవద్దన్నాడు. వాడు మళ్ళీ నిలబడ్డాడు."

వెళితే స్టూడియో ముందు బారు. వెనకటికన్నా పొడుగు. లోపల నల్లగుడ్డ ముందు బల్ల, బల్ల మీద గాజుపెట్టె, అందులో ఎర్ర మఖమలు మీద ఒక పన్ను. జడ్జిగారి పన్నట. రోగం ఉన్నవాళ్ళు పెట్టె మీద చెయ్యి ఆనిస్తే, ఉన్నది ఆ పన్నే లాగేసుకుంటుందట. జడ్జిగారు ఊరి రోగాలన్నీ లాగి లాగి ఆ పంట్లోనే దాచిందట, అందుకే అది అంతలా చీలిపోయిందట.

మేస్త్రి వంగి చూశాడు. చీలిక లేదు, ఏమీ లేదు. మనిషి పన్ను, రెండు వేర్లది, కిందిదవడది, నమిలేది. దాని నెత్తిన, పుచ్చు పూడ్చి చక్కగా నింపిన వెండి. మొన్నామధ్య బావమరిది రాజీకని ఆయన గదికి వచ్చి, టీ తాగి, పైన డాక్టరమ్మకి కూడా కనపడి వెళ్ళాడు. అక్కడ పీకిన పళ్ళ పళ్ళెం ఎప్పుడూ కిటికీ దగ్గరే ఉంటుంది.

"ఇదెవరి పన్నురా?" అని చెవిలో అడిగాడు.

"జడ్జిగారిదే బావా."

"కుక్కకి వెండి నింపించిందెవరు?"

వెనక నిలబడ్డ ముసలాయన చెవిన ఆ మాట పడింది. కళ్ళజోడు సవరించుకుని పెట్టెలోకి చూశాడు. "వెండి. అవును, పంట్లో వెండి పుట్టింది" అన్నాడు. ఆ మాట వరస వెంబడి గుమ్మం దాటి రోడ్డు దాకా పాకింది. జనం ఇంకా ముందుకు జరిగారు.

వరసలో అయిదో మనిషి టీచరమ్మ. మేస్త్రిని చూసి కాస్త ఇబ్బందిపడి, నవ్వింది. ఆయన మూడుసార్లు తిప్పి పెట్టిన పన్ను తళుక్కుమంది.

"ఊరికే వచ్చాను మేస్త్రిగారూ. నాకేం నమ్మకం లేదు. కాని చెయ్యి ఆనిస్తే పోయేదేముంది?"

"పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేమమ్మా" అన్నాడు మేస్త్రి. చెప్పులు వేసుకుని వచ్చేశాడు.

మొరిగి జనాన్ని చెదరగొడుతోందని బావమరిది కుక్కను కర్ర పుచ్చుకుని తరిమేశాడు. అది ఆస్పత్రి వెనక మెట్ల కింద చేరింది. మేస్త్రి దాన్ని పెంచలేదు, పొమ్మనలేదు. రెండుసార్లు మైనం సెట్లు నమిలేసినప్పుడు మాత్రం నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయన ఇంకో ఆరేళ్ళు ఆ గదిలో పనిచేశాడు.

ఆ ఆరేళ్ళలోనూ ఒక కొత్త బెడద వచ్చిపడింది. జడ్జిగారి నోట్లో పెట్టిన చెయ్యి కదా, దానికీ ఏదో ఉండే ఉంటుందని ఎవరో అన్నారు. జనం రెండు మెట్లు దిగి వచ్చి, "ఒక్కసారి మా దవడ మీద చెయ్యి పెట్టండి మేస్త్రీ" అని నిలబడేవారు. మొదట్లో కసిరి పంపాడు. కసిరినకొద్దీ ఎక్కువమంది వచ్చారు. ఆఖరికి ఆయన ప్లాస్టరు చేతులు కడుక్కుని, దీపం దగ్గరికి లాగి, "ముందు నోరు తెరవండి" అనడం అలవాటు చేసుకున్నాడు. తెరిచిన ప్రతి నోట్లోనూ రెండో మూడో పుచ్చినవి ఉండేవి. వేలితో మెట్లు చూపించి, పైన డాక్టరమ్మ దగ్గరికి పొమ్మనేవాడు.

చెయ్యి మాత్రం ఎవరి మీదా పెట్టలేదు.